కార్డు మీద డిస్కౌంట్ సరే... దస్తర్‌ఖాన్ మీద ఎంతమంది?



రెస్టారెంట్ డిస్కౌంట్ కార్డు కొనాలా, వద్దా? ఈ సవాల్ ఈ మధ్య మన ఇళ్ళలో బాగా వినిపిస్తోంది. పిల్లల ఫోన్లో యాప్ ఉంటుంది, యాప్‌లో ఆఫర్ ఉంటుంది, "సంవత్సరానికి ఇంతే కదా అబ్బా, రెండుసార్లు వెళ్తే వసూలైపోతుంది" అనే దలీల్ కూడా సిద్ధంగా ఉంటుంది. నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఇద్దరు ముగ్గురుండే ఇంటికి, వారంలో నాలుగు రోజులు బయట తినక తప్పని ఉద్యోగికి కొన్ని కార్డుల వల్ల ఫాయిదా ఉంది. కానీ అమ్మీ, అబ్బా, పిల్లలు, ఊరి నుంచి వచ్చిన ఖాలాజాన్, ఇలా ఆరేడుగురు ఒకేసారి కదిలే ఖాందాన్‌కు ఇవి వేరేవాళ్ళ కొలతలకు కుట్టిన షేర్వానీలు. చూడ్డానికి బాగుంటాయి, మన భుజాలకు పట్టవు.

స్టార్ హోటళ్ళ కార్డుతో మొదలుపెడదాం. దీన్ని సాధారణంగా ఫోన్ చేసి అమ్ముతారు. గొంతు ఎంత అదబ్‌గా ఉంటుందంటే, వద్దనడానికి మనకే షరమ్ వేస్తుంది. "సార్, ఫుడ్ మీద 50 పర్సెంట్ వరకు" అంటారు. ఆ "వరకు" దగ్గర కాస్త ఆగండి. ఇలాంటి కార్డుల్లో తరచుగా కనిపించే పద్ధతి ఇది: టేబుల్ దగ్గర ఇద్దరుంటే 50 శాతం, ముగ్గురుంటే 33, నలుగురుంటే 25, ఐదుగురుంటే 20. మనుషులు పెరిగినకొద్దీ శాతం తగ్గుతుంది. కాగితం మీద నాలుగు రకాల డిస్కౌంట్లలా కనిపిస్తుంది గానీ, హిసాబ్ చేసి చూస్తే అంతా ఒకటే. ఎంతమంది వెళ్ళినా ముఫ్త్‌గా వచ్చేది ఒక్క ప్లేటు. మియా బీవీ ఇద్దరే వెళ్తే అది సగం బిల్లు. ఏడుగురు వెళ్తే ఏడో వంతు.

అలాంటి చోట బఫే ప్లేటు 1,600 రూపాయలు అనుకోండి. ఆరుగురికి 9,600. ఒక ప్లేటు తీసేస్తే 8,000. రోజు గది అద్దె 7,500 దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లలో జీఎస్టీ 18 శాతం, అంటే 1,440. చేతికొచ్చే బిల్లు 9,440. మెనూ మీద రాసిన ధరకూ మనం కట్టినదానికీ తేడా 160 రూపాయలు! కార్డు లేకపోతే అదే బిల్లు 11,328 అయ్యేది కదా, కార్డు 1,888 మిగిల్చింది కదా అంటారు. నిజమే. కానీ కార్డు లేకపోతే ఆ ఆరుగురు అక్కడికి వెళ్ళేవాళ్ళా? మామూలు ఫ్యామిలీ రెస్టారెంట్లో తలా 400 చొప్పున కడుపునిండా తిని, 5 శాతం జీఎస్టీ కలుపుకుని 2,520 కట్టి, కిళ్ళీ వేసుకుని ఇంటికి వచ్చేవాళ్ళు. కాబట్టి పోల్చవలసింది 9,440ని 11,328తో కాదు, 2,520తో. ఈ ఒక్క పోలిక సరిగ్గా చేసుకుంటే సగం కార్డుల మోజు అక్కడే తీరిపోతుంది.

యాప్ కార్డుల్లో 1+1 అనేది ఇంకో తరహా. ఒక డిష్ కొంటే ఇంకోటి ముఫ్త్. రెండింటిలో తక్కువ ధర ఉన్నదే ముఫ్త్ అని షరతుల్లో ఉంటుంది, అది మామూలే. నాకు అంతకంటే పెద్ద నుక్సాన్‌గా కనిపించేది వేరే ఉంది. మన హోటళ్ళలో సింగిల్ బిర్యానీ అంటే పేరుకే సింగిల్, ఇద్దరు తినొచ్చు. ఇద్దరికి ఒకటి చాలే చోట, ఆఫర్ ఉంది కదా అని రెండు వస్తాయి. తర్వాత "ప్యాక్ చేసివ్వండి" అంటాం. ఆ డబ్బా ఫ్రిజ్‌లో రెండు రోజులుండి, మూడో రోజు చెత్తబుట్టలోకి వెళ్తుంది. ఇస్రాఫ్ గురించి జుమా ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. అది ఇంటికి ఇలా నవ్వుతూ, ఆఫర్ టోపీ పెట్టుకుని వస్తుంది.

ఇక బిల్లు మొత్తం మీద శాతం తగ్గించే కార్డులు. వీటిని పెద్ద ఖాందాన్ కూడా వాడుకోవచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇక్కడ హిసాబ్ ఇంకోలా చెయ్యాలి. కార్డు 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,770 అనుకుందాం. 2,400 బిల్లు మీద 25 శాతం తగ్గితే 600. మూడుసార్లు వెళ్తే కార్డు డబ్బులు వచ్చేశాయి, నాలుగోసారి నుంచి లాభమే అనిపిస్తుంది. అయితే అదే రెస్టారెంట్లో, అదే యాప్‌లో, ఏ మెంబర్‌షిప్ లేకుండా బిల్లు కడితే 10, 15 శాతం తగ్గించే ఆఫర్లు చాలాసార్లు ఉంటాయి. బ్యాంకు కార్డు ఆఫర్లు వేరే. ముఫ్త్‌గానే 15 శాతం, అంటే 360 తగ్గుతున్నప్పుడు, డబ్బిచ్చి కొన్న కార్డు అదనంగా ఇచ్చేది 240 మాత్రమే. ఆ 240 చొప్పున 1,770 రావాలంటే ఎనిమిదిసార్లు వెళ్ళాలి. అదీ ఆ కార్డు చెల్లే చోటికే, కార్డు చెల్లే రోజునే. ఈద్ రోజు, కొత్త సంవత్సరం రాత్రి, శని ఆదివారాలు కొన్ని చోట్ల చెల్లవు. మనం ఖాందాన్‌తో కదిలేది ఆ రోజుల్లోనే. ఇఫ్తార్ బఫేకు కార్డు వర్తిస్తుందో లేదో విడిగా అడగాలి. రంజాన్ నెలంతా పగలు ఎలాగూ తినం, మగ్రిబ్‌కు ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటేనే మనసుకు సుకూన్. అంటే సంవత్సరం కార్డులో ఒక నెల మొదట్లోనే పోయింది.

ఒక ఆదివారం అసర్ తర్వాత మా బీబీ, నేను ఒక కార్డు జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాం. మా ఇంటి నుంచి అరగంట దూరంలో ఉన్నవి కాగితం మీద రాస్తే నలభై పేర్లు వచ్చాయి. మాషా అల్లాహ్, ఎంత పెద్ద జాబితా అనుకున్నాం. తర్వాత కొట్టేయడం మొదలైంది. బార్ ఉన్నవి ముందు పోయాయి. పక్క టేబుల్ మీద గ్లాసులు మోగుతుంటే పిల్లలతో కూర్చుని తినే ఇల్లు కాదు మాది. గోష్త్ హలాలేనా అని ఫోన్ చేసి అడిగితే తడబడినవి పోయాయి. కాఫీ, కేకులు మాత్రమే దొరికేవి పోయాయి. లిఫ్ట్ లేని రెండో అంతస్తువి అమ్మీ మోకాళ్ళ కోసం కొట్టేశాం. చివరికి మిగిలినవి ఏడు. ఆ ఏడింటిలో రెండు శుద్ధ శాకాహారం, అవి మాకు ఇష్టమే, దోసెలు బాగుంటాయి. ఇంకో రెండు మేం ఎప్పుడూ వెళ్ళేవే, అక్కడి మేనేజర్ భాయి కార్డు లేకుండానే బిల్లు మీద ఎంతో కొంత తగ్గిస్తారు. కార్డు ధర నలభై హోటళ్ళకు, మాకు పనికొచ్చేవి మూడు. కొనలేదు.

ఈ కొట్టివేత ప్రతి ఇంట్లోనూ చెయ్యాలంటాను. మన పరహేజ్‌లు మనకు ఉంటాయి, కార్డు కంపెనీకి ఉండవు. జొమాటో గోల్డ్ 2017 నవంబరులో మొదలైనప్పుడు అందులో రెండు రకాల ఫాయిదాలుండేవి: తిండి మీద 1+1, డ్రింక్స్ మీద 2+2. ఆ రెండోది ఎవరి కోసమో విడమర్చి చెప్పక్కర్లేదు. తీసుకునేవాళ్ళకు అదే పెద్ద ఆకర్షణ. మన ఇళ్ళకు దాని ఖీమత్ సున్నా. కానీ కార్డు ధర మాత్రం అందరికీ ఒక్కటే. మనం ముట్టని దాని మీది రాయితీ కూడా ఆ ధరలో కలిసే ఉంటుంది.

ఆ కార్డు చరిత్ర తెలుసుకోవడం ఇంకో కారణం వల్ల కూడా మంచిది. 1+1 ఇచ్చినప్పుడు ఆ రెండో ప్లేటు ఖర్చు భరించింది రెస్టారెంట్ యజమాని. మెంబర్‌షిప్ రుసుం యాప్‌కు చేరింది. 2019 ఆగస్టులో గురుగ్రామ్‌లో రెస్టారెంట్లు తిరగబడ్డాయి. నేషనల్ రెస్టారెంట్ అసోసియేషన్ ముందు నిలబడింది, వందలాది రెస్టారెంట్లు ఇలాంటి డిస్కౌంట్ పథకాల నుంచి లాగౌట్ అయ్యాయి. తర్వాత జొమాటో షరతులు మార్చింది. 2020లో గోల్డ్ పేరు పోయి ప్రో వచ్చింది, అదీ పోయింది, 2023లో మళ్ళీ గోల్డ్ అనే పేరు తిరిగి వచ్చింది, అప్పటికి ప్రధానంగా ఇంటికి డెలివరీ కోసం. ఇంకో పక్క డైనౌట్‌ను 2022లో స్విగ్గీ కొనేసింది. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు, తిజారత్‌లో ఇవన్నీ ఉంటాయి. చెప్పేదల్లా ఏమిటంటే, మీరు పన్నెండు నెలల డబ్బు ఈ రోజే కడతారు, వాళ్ళ షరతులు మాత్రం పన్నెండు నెలలు అలాగే ఉంటాయన్న జమానత్ లేదు. మీకు ఇష్టమైన ఒక్క హోటల్ జాబితాలోంచి జారిపోతే చాలు, మీ హిసాబ్ అంతా తారుమారవుతుంది.

హోటల్ పని మన కమ్యూనిటీకి పరాయిది కాదు. మనలో ఎంతమంది ఖాన్‌సామాలు, ఎంతమంది చిన్న హోటళ్ళ మాలిక్‌లు! గల్లీ చివర నాలుగు బల్లలు వేసుకుని పొద్దున నహారీ, సాయంత్రం కబాబులు అమ్మే భాయికి ఒక ప్లేటు మీద మిగిలేదెంతో మనకు తెలుసు. ఆయన రెండో ప్లేటు ముఫ్త్‌గా ఇవ్వలేడు. ఇస్తే బోటీలు చిన్నవవుతాయి, నూనె మారుతుంది. చేతిలో కార్డు ఉన్నప్పుడు మన అడుగులు ఆయన దుకాణం దాటి ముందుకు పోతాయి. కార్డు డబ్బు ముందే కట్టేశాం కదా, దాన్ని వసూలు చేసుకోవాలి కదా అనే లెక్క మన చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది.

కట్టేసిన డబ్బు మనిషిని ఎలా లాగుతుందో మా బంధువుల్లో ఒక దావత్‌లో చూశాను. కొత్తగా సంబంధం కలిసిన సమధీవాళ్ళు ఊరి నుంచి వచ్చారు. అన్నీ కలిపి తొమ్మిది మంది. భాయి సాహెబ్ చేతిలో కార్డు ఉంది, అందుకని నగరంలో అంత దూరం ఒక మాల్ పైఅంతస్తులోని రెస్టారెంట్‌కు తీసుకెళ్ళారు. మెనూ అంతా పాస్తాలు, పేర్లు తిరగని సూపులు. పెద్దావిడ మెనూ కార్డు ముందు పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు. ఆమెకు కావలసింది ఇంత బగారా ఖానా, ఇంత దాల్చా. ఇంతలో వెయిటర్ వచ్చి ఒక కార్డు మీద నలుగురికే ఆఫర్ వర్తిస్తుందని చెప్పాడు. భాయి సాహెబ్ మేనేజర్‌ను పిలిపించారు. ఫోన్ చూపించారు. షరతులు చదివారు. పావుగంట బహస్. మెహమాన్లు తలలు దించుకుని నీళ్ళు తాగుతూ కూర్చున్నారు. భాభీ ముఖం ఎర్రబడింది. చివరికి ఐదారు వందలేవో తగ్గాయి. తిరిగి వచ్చేటప్పుడు కారులో పెద్దావిడ మెల్లగా అన్నారు, "బేటీ, ఇంట్లో పప్పు వండినా సరిపోయేది కదా, మా వల్ల మీకు ఎంత తక్లీఫ్!" ఆమె మనసులో పడిన మాట అది: తాము ఖర్చుగా కనిపించామని. మెహమాన్‌నవాజీలో ఇంతకంటే పెద్ద నుక్సాన్ ఏముంటుంది? ఆ రాత్రి ఆదా అయిన ఐదారు వందలను ఏ ఖాతాలో రాయాలి?

ఇందులో దీనీ కోణం కూడా ఉంది, దాటేయకూడదు. డబ్బు కట్టి కొనే డిస్కౌంట్ కార్డుల మీద ఉలమాల మధ్య బహస్ జరిగింది. రాబితా తరఫున మక్కాలో ఉన్న ఫిఖ్హ్ అకాడమీ 2006లో దీన్ని పరిశీలించి, నిర్ణీత రుసుం లేదా వార్షిక చందా తీసుకుని ఇచ్చే కార్డులు జాయిజ్ కావని, ముఫ్త్‌గా ఇచ్చే కార్డులు జాయిజేనని తీర్మానించింది. కారణం గరర్. అంటే సౌదాలో అనిశ్చితి. కొనేవాడు కచ్చితమైన డబ్బు ఇస్తాడు, తిరిగి వచ్చేది ఎంతో ఆ రోజు ఇద్దరికీ తెలియదు. వాడకపోతే పూర్తిగా నష్టం, బాగా వాడితే కట్టినదానికి పదింతలు. రుసుమును సేవకు ప్రతిఫలంగా చూసి, షరతులతో అనుమతించిన ఉలమా కూడా ఉన్నారు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. మీరు భరోసా ఉంచే ఆలిమ్‌ను అడగండి, అడిగేటప్పుడు కార్డు షరతులు చదివి వినిపించండి. కార్డు ఎవరు అమ్ముతున్నారు, హోటలా, మధ్యవాడా? రుసుం దేనికి? జవాబు వీటిని బట్టి మారవచ్చు. నాకు ఇందులో ఆశ్చర్యంగా అనిపించేది ఒకటుంది. ఫిఖ్హ్ అడిగే సవాలూ, ఇంటి ఖర్చుల పుస్తకం అడిగే సవాలూ ఒకటే: ఈ 1,770 దేనికి ఇస్తున్నావు, బదులుగా నీ చేతికి ఏమొస్తోంది?

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళ సంగతి కొంచెం వేరు. కడప నుంచి, నిజామాబాద్ నుంచి, హైదరాబాద్ నుంచి వెళ్ళి దుబాయ్‌లో కాపురం పెట్టినవాళ్ళకు ఎంటర్‌టైనర్ పేరు బాగా తెలుసు. 2001లో అక్కడ మొదలైంది. మొదట్లో వోచర్ల లావుపాటి పుస్తకం, ఇప్పుడు యాప్. ఒకటి కొంటే ఒకటి ముఫ్త్. అక్కడ హలాల్ గురించి మన ఊళ్ళోలా ఒక్కో చోటికీ ఫోన్ చేసి అడిగే అవసరం అంతగా ఉండదు కాబట్టి జాబితా మన చేతిలో అంతగా కుంచించుకుపోదు. మియా బీవీ, ఒక చిన్న బిడ్డ ఉన్న ఇల్లు, శుక్రవారం శనివారం బయటికి వెళ్ళే ఇల్లు అయితే కొన్ని నెలల్లోనే వసూలవుతుంది. పిల్లల వాటర్ పార్కు టికెట్ల మీద కూడా ఆఫర్లుంటాయి, కొందరికి తిండి కంటే వాటి ఫాయిదానే ఎక్కువ. ఎండాకాలం సెలవులకు రెండు నెలలు వతన్‌కు వచ్చేసేవాళ్ళు మాత్రం ఆ రెండు నెలలు తీసేసి లెక్క వేసుకోవాలి.

ఇక్కడ కూడా కొనవలసినవాళ్ళు ఉన్నారు. గచ్చిబౌలిలో రూములో ఉంటూ రోజూ బయటే తినే కుర్రాడు, గిరాకీలను తరచూ భోజనానికి తీసుకెళ్ళే వ్యాపారి, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ వారానికి రెండు రాత్రులు పొయ్యి వెలిగించని కొత్త జంట. వీళ్ళు కార్డు లేకపోయినా ఆ ఖర్చు పెట్టేవాళ్ళే. వీళ్ళకు తగ్గే ప్రతి రూపాయీ నిజంగా మిగిలే రూపాయే. తేడా అంతా ఇక్కడే. గత ఆరు నెలల్లో మీరు బయట తిన్న బిల్లులు ఫోన్లో ఉంటాయి, యూపీఐ చరిత్ర తీసి చూడండి. అందులో కార్డు జాబితాలోని చోట్లు ఎన్ని, ఎన్నిసార్లు? ఆ సంఖ్యతోనే లెక్క వెయ్యండి. "కార్డు ఉంటే వెళ్తాం" అనుకునే ట్రిప్పులను లెక్కలో కలపవద్దు. అవి ఆదా కావు, కొత్త ఖర్చు. 2,400 బిల్లులో 600 తగ్గిన రోజున మీరు 600 మిగుల్చుకోలేదు, 1,800 ఖర్చు పెట్టారు. అంతటి డబ్బుకు మంచి పొట్టేలు మాంసం తెచ్చి, పక్కింటివాళ్ళను కూడా పిలిచి, ఇంట్లో దమ్ పెట్టొచ్చు. అయితే వండేది బీబీ కదా, ఆమెకు ఒక్కరోజు ఆరామ్ వద్దా అంటారా? తప్పకుండా కావాలి. ఆ ఆరామ్‌కు కార్డు అక్కర్లేదు, మనం లేచి గిన్నెలు కడిగినా వస్తుంది, నెలకోసారి బయటికి తీసుకెళ్ళి పూర్తి బిల్లు కట్టినా వస్తుంది.

కొన్నవాళ్ళు బిల్లు చూసేటప్పుడు సర్వీస్ చార్జ్ అనే లైను గమనించండి. దాన్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కార్డు ఇచ్చిన రాయితీని ఈ లైను మళ్ళీ మింగేస్తుంటే, తీసేయమని అడిగే హఖ్ మీకుంది.

ఆటో రెన్యువల్ సంగతి కూడా. కార్డు కొన్నప్పుడే చాలా యాప్‌లు వచ్చే సంవత్సరానికి కూడా అనుమతి తీసేసుకుంటాయి. 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందుగా, మీకు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌ను మిగతా చెత్త మెసేజ్‌లతో కలిపి తుడిచేయకండి. ఆ రోజు రాత్రి ఇషా తర్వాత పది నిమిషాలు కూర్చుని, గడిచిన సంవత్సరం కార్డు ఎన్నిసార్లు బయటికి తీశారో లెక్కపెట్టండి. వద్దనుకుంటే యాప్‌లో మెంబర్‌షిప్ దగ్గర రద్దు చేయొచ్చు. అక్కడ ఆ బటన్ దొరక్కపోతే మీ బ్యాంకు యాప్‌లోనో, యూపీఐ యాప్‌లోని ఆటోపే దగ్గరో మాండేట్ ఉంటుంది, దాన్ని అక్కడి నుంచే ఆపేయవచ్చు.